రెండుసార్లు ఏకిన దూది

చిలకలూరిపేటలో బస్సెక్కగానే కిటికీ పక్క సీటు నాకిచ్చి నాన్న ఇవతల కూర్చున్నాడు. నా ఒళ్లో గుడ్డసంచి, సంచిలో నవల, గుంటూరు ఇంకో గంట. గంట అనేది మామూలు రోజుల మాట. ఇప్పుడు హైవే వెడల్పు చేస్తున్నారు, ఎక్కడ పడితే అక్కడ మట్టి పోసి, డ్రమ్ములు అడ్డం పెట్టి ఒక పక్క నుంచే వదులుతున్నారు, దానికి తోడు మిర్చి లారీల సీజను, ముందు లారీ కదిలితేనే మా బస్సు కదిలేది. ఆలస్యమైతే బాగుండునని ఒక మనసు, తొందరగా వెళ్లి పుస్తకం వేసే ఆయన చేతిలో పెట్టేస్తే పీడా పోతుందని ఇంకో మనసు, రెండూ నావే. బ్రాడీపేటలో సంజీవరావుగారు మధ్యాహ్నం భోజనాల లోపు తెచ్చివ్వమన్నారు. కాగితం కొనేశారట, కంప్యూటర్ మీద కంపోజ్ చేసే అమ్మాయి ఈ వారమే ఖాళీ, ఈ వారం దాటితే ప్రెస్సంతా స్కూలు గైడ్లలో మునిగిపోతుంది, ఆ తర్వాత మన వంక చూసే నాథుడుండడు. పుస్తకం మీద సఫూరా అని ఉంటుంది. పర్చూరు సెంటర్లో ఎస్టీడీ బూత్ నడిపే సఫూరా, పెళ్లయిన నాటి నుంచీ రాసి రాసి పోస్టుకి వేసిన సఫూరా, వేసినవన్నీ వేసినట్టే ఇంటికి తిరిగొచ్చిన సఫూరా. ఈ ముక్క ఇంకొకరి గురించి చెబితే ఎగిరి గంతేసేదాన్ని. నా గురించే అయ్యేసరికి రాత్రి అన్నం సయించలేదు.

నవల బాగుందన్నారు సంజీవరావుగారు. నిజంగానే అన్నారు, మొహమాటానికి కాదు. ఆయన లెక్చరరుగా రిటైరై, ఇంటి ముందుగదిలోనే ప్రచురణ పెట్టుకుని, ఏడాదికి రెండు మూడు పుస్తకాలు వేస్తారు, అవైనా తనకు నచ్చితేనే. నా కట్ట మొత్తం చదివానని చెప్పి, తనే లోపలికెళ్లి మజ్జిగ తెచ్చిచ్చి, కళ్లజోడు తుడుచుకుంటూ, ఒక్క మాటమ్మా అన్నారు. ముస్లిముల ఇల్లు రాశారు, ఆ దూదేకే పనంతా కళ్లకి కట్టినట్టుంది, కానీ ఇంట్లో అందరూ నాన్నా, అమ్మా, అత్తా అని పిలుచుకుంటున్నారు, ఏమే ఏరా అనుకుంటున్నారు, చదివేవాడు నమ్మడమ్మా, ఇది ఎవరి ఇల్లైనా కావచ్చు అనుకుంటాడు. "మీ ఇళ్లల్లో ఎలా మాట్లాడుకుంటారో అలా రాయండి," అన్నారు. అలా రాస్తే వేస్తాననీ, లేకపోతే వేయలేననీ, పుస్తకం మీద తన పేరు కూడా ఉంటుంది కదా అనీ చాలా మెత్తగా చెప్పారు. మా ఇంట్లో ఇలాగే మాట్లాడుకుంటామండీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. తలూపాను. మాస్టారు లెక్క తప్పంటే తప్పే అయ్యుంటుందని పలక తుడిచేస్తాం చూడండి, అలా ఊపాను. ఎందుకు ఊపానో ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుంటుంటే తెలిసింది. నేను చదివిన పుస్తకాలే ఊపించాయి. వాటన్నిట్లో సాయిబు ఎక్కడ కనపడినా జట్కా తోలుతూనో, సూట్లు కుడుతూనో, మాటకి ముందొక అల్లానీ మాట చివరొక సాబ్‌నీ తగిలించుకునే వచ్చేవాడు. నేను ఒక్కసారైనా ఆగి, ఇదేంటి, మా నాన్న ఇలా లేడే అనుకోలేదు. పుస్తకాల్లో జమీందార్లుంటారు, దెయ్యాలుంటాయి, సాయిబులుంటారు, మనమెందుకుంటాం అనుకున్నాను.

మార్చాను మరి. చిలకలూరిపేటలో ఉర్దూ పాఠాలు చెప్పే ఖుర్షిదా నాకు స్నేహితురాలు, అద్దె పుస్తకాల షాపులో ఒకే నవలకి ఇద్దరం చెయ్యి చాచి పరిచయమయ్యాం. ఆదివారాలు వాళ్లింట్లో కూర్చుని ఎర్ర పెన్నుతో నా మాటలు కొట్టేస్తూ వచ్చాను, ఆవిడ చెప్పినవి పైన రాస్తూ వచ్చాను. నాన్న పోయి అబ్బాజాన్ వచ్చాడు. అమ్మ పోయి అమ్మీ వచ్చింది. ఏందయ్యా నీ గోల అని నోరేసుకు పడే మేనత్త చేతులు కట్టుకుని మర్యాదగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఖుర్షిదా ఓపిగ్గా చేసింది, టీ పెట్టిచ్చి మరీ చేసింది, అంతా అయ్యాక కాగితాలు సర్దుతూ, "బాగానే ఉంది సఫూరా, కానీ ఇప్పుడిది మా ఇల్లయింది," అంది. మా ఇంటి గురించి రాయాలంటే నేనే రాసుకునేదాన్ని కదా అని కూడా అంది. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఈ బస్సులో మాత్రం నవ్వు రావడం లేదు.

ఎడ్లపాడు ఇంకా రాలేదు. రోడ్డు పక్క కళ్లాల్లో మిరపకాయలు ఆరబోశారు, కన్ను ఆనినంత మేర ఎరుపు, ఆడవాళ్లు నెత్తికి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరి పక్కకి వేస్తున్నారు. ఘాటు కిటికీలోంచి కొట్టింది, ముందు సీట్లో ఒకాయన తుమ్మాడు, ఆ వెనక బస్సంతా వరసగా దగ్గు. నాన్న తుండు మూతికి అడ్డం పెట్టుకున్నాడు. మిరప ఘాటు తగ్గాక బస్సు దగ్గు ఆగింది గానీ నాన్న దగ్గు ఆగలేదు, అది జిన్నింగు మిల్లులో పట్టుకున్న దగ్గు, దూది దుమ్ముది. మా నాన్న పేరు జాన్ బాషా. మిల్లులో చేరకముందు దూదేకేవాడు, వాళ్ల నాన్నా అదే, ఆయన నాన్నా అదే. ఈ రోజు నువ్వెందుకు నాన్నా, నేనొక్కదాన్నే వెళ్లలేనా అంటే, పుస్తకం ఎట్టా చేస్తారో చూడాలన్నాడు. సెలవు పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, స్టాండులో నాకంటే ముందే వచ్చి నిలబడ్డాడు. బూత్‌లో మా ఆయన ఇలియాస్‌ని కూర్చోబెట్టి నేను పర్చూరు బస్సు దిగేసరికి, నాన్న చేతిలో ఒక పొట్లం, దాన్లో వేడి పుణుగులు. నా పెళ్లికి కూడా ఇంత హడావుడి పడలేదు ఈ మనిషి.

దూదేకే విల్లు ఆయనంత పొడుగుండేది. సైకిలుకి నిలువునా కట్టుకుని ఊరూరా తిరిగేవాడు, పెళ్లిళ్ల ముందు, పత్తి అమ్ముకుని నలుగురి మొహాలూ కళగా ఉన్నప్పుడు. వెనక క్యారియర్ మీద నేను. బడి లేని రోజున అమ్మ పత్తి తీతకి పోతూ నన్ను ఒక్కదాన్నే ఇంట్లో వదల్లేక నాన్న వెంట తోలేది. ఎవరి పరుపు వాళ్ల వసారాలోనే విప్పాలి, ఎవరి దూది వాళ్ల కళ్లముందే ఏకాలి, అది పద్ధతి, ఇంటికి తీసుకెళ్లి చేసుకొస్తానంటే ఎవరూ ఒప్పుకోరు, మంచి దూది మారుస్తామేమోనని అనుమానం. అందుకని ఏ ఇంట్లో పని ఉంటే ఆ ఇంట్లో పొద్దంతా ఉండేవాళ్లం. విల్లు నారిని చెక్కగుండుతో కొడితే ట్రుంయ్‌మని మోగేది, రాయిలా గట్టిపడిన పాత దూది లేచి నురగలా కుప్పపడేది, నాన్న మీసమూ కనుబొమలూ తెల్లబడి పడుచు మనిషి కాస్తా తాతయ్యేవాడు. ఆ పొట్టు నా మీద పడకుండా నన్ను వసారా ఆ చివర కూర్చోబెట్టేవాడు. ఆ చివర ఏ ఇంట్లోనైనా గూట్లోనో, చూరులోనో, పాత ట్రంకుపెట్టె మీదో ఏదో ఒక పుస్తకం ఉండేది. నా చదువంతా ఆ చివరిదే.

గురునాథం మాస్టారింట్లో డిటెక్టివ్ నవలలు, లెక్కల పుస్తకాల వెనక దాచినవి, ఒక్కో అట్ట మీద ఒక్కో రివాల్వరు. వెంకాయమ్మగారింట్లో వారపత్రికల సీరియళ్లు, ఆవిడ కత్తెరతో కత్తిరించి దారంతో కుట్టి బొత్తులు పెట్టుకునేది, మధ్యలో ఒకటి రెండు వారాలు ఎగిరిపోయేవి, అంతకుముందు వారం ఏడుస్తున్న పిల్ల తర్వాత వారం పెళ్లిపీటల మీద ఉండేది, ఆ మధ్యలో ఏం జరిగిందో నేనే చూసుకోవాలి. పూజారిగారింట్లో పెద్దక్షరాల పురాణాలు, ఆయన పుస్తకం తెచ్చి అరుగు మీద పెట్టి వెనక్కి జరిగితే నేను తీసుకునేదాన్ని, చదివి అక్కడే పెట్టేదాన్ని. పార్టీ ఆఫీసులో తిరిగే ఒకాయన ఇంట్లో మంచు దేశాల నవలలు, తెలుగులోకి మార్చినవి, కాగితం నున్నగా ఉండి మంచి వాసన వచ్చేది, మనుషుల పేర్లు మాత్రం ఒక్కోటి మూరెడు. గుర్తుండక ఒక్కొక్కడికీ మా ఊరి మొహం తగిలించుకున్నాను, సైన్యాధిపతికి మా రేషన్ డీలరు మొహం. చేతబడుల నవలలు మిట్టమధ్యాహ్నమే చదివేదాన్ని, మంచి పట్టులో ఉండగా నాన్న నారి ట్రుంయ్‌మంటే కెవ్వుమని అరిచేదాన్ని. ఏవీ దొరకని ఇంట్లో పురుగుమందుల కంపెనీ పుస్తకం ఉండేది. పచ్చపురుగు గుడ్డులోంచి రెక్కల పురుగు అయ్యేదాకా ఎన్ని అవస్థలు పడుతుందో, రైతు ఏ అవస్థలో దాన్ని పట్టుకోవాలో, అదీ ఉత్కంఠగానే చదివాను. నాకు ఇది మంచిది అది చెత్త అనే తేడా ఎవరూ నేర్పలేదు, నేర్పి ఉంటే సగం పుస్తకాలు చదివేదాన్ని కాదు.

ఒకటే కష్టం. పుస్తకం గడప దాటదు. దూది మార్చేస్తారేమోనని అనుమానపడే వాళ్లు పుస్తకం చేతికిచ్చి పంపుతారా? పరుపు కుట్టడం అయిపోయి నాన్న దబ్బనంలోంచి దారం తెంపితే నా పుస్తకం కూడా అక్కడికి సరి. హంతకుడు తలుపు తీస్తుండగా లేచి రావాలి. ఎన్ని కథలు అలా సగంలో వదిలేసి వచ్చానో. చీకటి పడే వేళకి సైకిలు మీద ఇంటికొస్తూ, ఇయ్యాలేం చదివావే అనేవాడు నాన్న, ఆయన కూడబలుక్కుని బోర్డులు చదువుతాడు గానీ పుస్తకం పట్టింది లేదు. చెప్పేదాన్ని. చదివినంత మేరా చదివింది చెప్పి, అక్కడి నుంచి ఆగకుండా నేను కల్పించి చెప్పేదాన్ని. ఎక్కడ పుస్తకం ఆగి నేను మొదలయ్యానో ఆయనకి చెప్పేదాన్ని కాదు, తెలిసిపోయేదనుకుంటాను, ఎందుకంటే సరిగ్గా అక్కడి నుంచే సలహాలు మొదలుపెట్టేవాడు. ఆ పిల్లని చంపమాక అనేవాడు. ఆ పోయినోణ్ణి ఒక్కసారి ఇంటికి రానియ్ అనేవాడు. తొక్కుతూ తొక్కుతూ చివరాఖరికి ఏమయిద్ది అని అడిగేవాడు, చివర ఇంటి దగ్గర రావాలి, అంతకుముందే వచ్చేస్తే ఆయనకి నచ్చేది కాదు. నేను రాయడం నేర్చుకున్నది సైకిలు క్యారియర్ మీద.

వెంకాయమ్మగారింట్లో ఒక సాయంత్రం గుర్తొస్తోంది. ఆవిడ మనవరాలు శ్రీజ పెళ్లికి పరుపులు, పెద్ద పని, దూది ఏకడం అయిపోయి తెల్లగా కుప్ప పోసి ఉంది, ఇక గలేబుల్లో కూరి కుట్టేయడమే. నా చేతిలో ఒక బొత్తు, చివరి వారాలు, ఆ అమ్మాయి నిజం చెబుతుందా లేదా అనేది ఇంకో నాలుగు పేజీల్లో తేలిపోతుంది. ఏడుపొచ్చింది. ఏడవలేదు, పేజీలు గబగబా చూస్తున్నాను, అక్షరాలు కనపడుతున్నాయి గానీ ఎక్కడం లేదు. అప్పుడు ట్రుంయ్ అని వినపడింది. నాన్న ఏకిన దూదిని కుప్పలోంచి మళ్లీ ముందుకు లాక్కుని మొదటి నుంచి ఏకుతున్నాడు. వెంకాయమ్మగారు లోపలి నుంచొచ్చి, అయిపోయిందిగా బాషా, మళ్లీ ఏందది అంది. ఇంకోసారి ఏకితే మెత్తగా ఉంటదమ్మా, పెళ్లి పరుపు గదా, అన్నాడు నాన్న, నా వంక చూడకుండా. నేనూ తలెత్తలేదు. పేజీ తిప్పాను. ఆ తర్వాత చాలా ఇళ్లల్లో దూది రెండుసార్లు ఏకాడు, జాన్ బాషా చేసిన పరుపు మీద పడుకుంటే తేలినట్టుంటదని చుట్టుపక్కల ఊళ్లల్లో పేరొచ్చింది. ఎందుకో నాకూ ఆయనకూ మాత్రమే తెలుసు, మేమిద్దరం కూడా దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తర్వాత పత్తికి పచ్చపురుగు పట్టి ఏ మందుకీ లొంగని ఏడు వచ్చింది, ఆ ఏడు పరుపుల మాటెత్తినవాళ్లు లేరు. మళ్లీ పంటలు పండేసరికి ఫోమ్ పరుపులు వచ్చేశాయి. నాన్న విల్లు గోడకి తగిలించి మిల్లుకి వెళ్లాడు. నేను పెళ్లయ్యి బూత్‌లో కూర్చున్నాను. గాజు తలుపు అవతల జనం ఫోన్లో మాట్లాడుతుంటారు, మిర్చి రేటు, పొగాకు వేలం, మొగుడితో తగువు, ఇవతల నేను నాగూర్ వలి షాపులో అద్దెకి తెచ్చుకున్న పుస్తకం చదువుతుంటాను, ఒక చెవి ఇటు, ఒక కన్ను అటు. అప్పుడు రాయడం మొదలుపెట్టాను, చదివినవన్నీ వరసబెట్టి రాశాను. డిటెక్టివ్ నవల రాశాను, పర్చూరులో పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర శవం, కానీ మా ఊళ్లో శవం దొరికితే పావుగంటలో ఎవరు చేశారో అందరికీ తెలిసిపోతుంది, ఇన్‌స్పెక్టరుకి పనిలేకుండా పోయింది. చేతబడి నవల రాశాను, రాసి నేనే భయపడి లైటేసుకుని పడుకున్నాను. హైదరాబాదులో మేడ, మేడ మెట్ల మీద తివాచీ, మెట్లు దిగుతూ డాక్టర్ శశిభూషణ్, ఆ నవల అయితే పోటీకి కూడా పంపాను, నేను అప్పటికి హైదరాబాదు చూడనే లేదు. ప్రచురణకి స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నాము అనే అచ్చు చీటీతో తిరిగొచ్చింది. అన్నీ తిరిగొచ్చాయి. పోస్ట్‌మాన్ నా కవరు సైకిలు దిగకుండానే గుర్తుపట్టి, అమ్మాయ్ నీదే అని బూత్ మెట్ల మీద పెట్టిపోయేవాడు, చింతించడం ఆయనా నేర్చుకున్నాడు.

ఒక రోజు పేటలో అమ్మావాళ్లింటికి వెళ్తే గోడ మీద విల్లుకి నారి లేదు. ఏమైంది నాన్నా అంటే ఎలక కొరికింది, ఇంకెందుకులే అని తీసేశాను అన్నాడు, అని అన్నం కలుపుకున్నాడు. అంతే. నాకు మాత్రం ఆ రోజంతా చెవుల్లో ట్రుంయ్ మోగుతూనే ఉంది. ఆ వారమే ఈ నవల మొదలుపెట్టాను, మొదటిసారి ఏ పుస్తకంలోనూ చదవనిది రాస్తున్నానని తెలుస్తూనే ఉంది. ఇందులో ఒక దూదేకే మనిషి, అతని కూతురు, ఒక సైకిలు. వాళ్లు ఎలా మాట్లాడాలో ఒక్కసారైనా ఆలోచించుకోలేదు. వాళ్లు మాట్లాడుతుంటే నేను రాసుకున్నాను. ఆ రాసుకున్నదాన్నే ఆదివారాలు కూర్చుని ఎర్ర సిరాతో కొట్టేశాను.

ఎడ్లపాడు దాటాక బస్సు మొత్తానికే ఆగిపోయింది. ముందు ఒక టిక్కీల లారీకి తాడు తెగి మిరప బస్తాలు రోడ్డు మీద దొర్లాయట, ఎత్తేదాకా కదలదట, డ్రైవరు ఇంజనాపి దిగి బీడీ ముట్టించాడు. ఎండ సీట్లోకి వచ్చింది. నాన్న పుణుగుల పొట్లం విప్పి నా ముందు పెట్టి, కాసేపు రోడ్డు చూసి, సంచి వంక చూసి, ఆ పాత సైకిలు గొంతుతోనే అడిగాడు.

"చివరాఖరికి ఏమయిద్దే ఇందులో?"

చెప్పాను. సగం కథ నోటితోనే చెప్పాను, చేతులు తుడుచుకుని కట్ట బయటికి తీస్తూ. దూదేకే మనిషి ఊళ్లు తిరుగుతాడు, కూతురు వెంట ఉంటుంది, కాలం మారుతుంది, పని పోతుంది, చివర ఒక రోజు కూతురు పుట్టింటికొస్తుంది. నాన్న కళ్లు మూసుకుని ఊఁ కొడుతున్నాడు. గోడ మీద నారి లేని విల్లు అనేసరికి ఒక ఊఁ తప్పిపోయింది, మళ్లీ అందుకున్నాడు. చివరి పేజీ తీసి చదివాను, ఎర్ర సిరా మాటలే చదివాను, సంజీవరావుగారి చేతికి ఇవ్వబోయేది అదే కదా. అబ్బాజాన్, ఈ రోజు దూది ఏకడం లేదా, అని కూతురు అడుగుతుంది. నాన్న కళ్లు తెరిచాడు.

"అబ్బాజాన్ ఎవురు? ఇందాకటిదాకా లేడే ఈ మనిషి."

నువ్వే నాన్నా అన్నాను. కథలో నువ్వే, ఆ పిల్ల నిన్నే పిలుస్తోంది అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తుండుతో మెడ తుడుచుకుని, ఆ పేజీ వంక, అక్షరాలు తెలియనట్టు, చూశాడు.

"అట్టా పిలిచిందేందే?" అన్నాడు. "నా మీద కోపమొచ్చిందా దానికి?"

ఏం చెప్పను? బ్రాడీపేటలో ఒక పెద్దమనిషి నిన్ను నమ్మలేదు నాన్నా అని చెప్పనా, ఆయన నమ్మడం కోసం నేను నిన్ను కొట్టేశాను అని చెప్పనా? కోపం లేదు నాన్నా అన్నాను. అంతమాత్రం అనేసరికే కళ్లలో నీళ్లు తిరిగాయి, మిరప ఘాటు మీదికి నెట్టేయడానికి కూడా లేదు, ఇందాక దగ్గుకి కిటికీ మూసేశాను. ఇన్ని ఇళ్ల పుస్తకాలు చదివాను. ఒక్కదాన్లో కూడా ఏ కూతురూ మా నాన్నలాంటి మనిషిని నాన్నా అనే పేరుతో పిలవలేదు. పిలిచే పుస్తకం ఒకటి నా ఒళ్లోనే ఉండగా దాన్నీ మూయబోయాను. బాధగా ఉంది, సిగ్గుగా ఉంది, ఆ రెండింటికంటే ఎక్కువగా ఆయన మొహంలో ఆ ప్రశ్న అలా ఉండిపోవడం భరించలేకుండా ఉన్నాను.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు సంజీవరావుగారే వేరే ఎవరిదో ప్రూఫు చూపించి చెప్పారు, కొట్టేసిన మాట తిరిగి కావాలనుకుంటే దాన్ని మళ్లీ రాయనక్కర్లేదమ్మా, కింద వరసగా చుక్కలు పెడితే చాలు, అది ఉంచమని కంపోజ్ చేసేవాళ్లకి తెలుస్తుంది అని. నీలం పెన్ను తీశాను. చివరి పేజీ నుంచే మొదలుపెట్టాను. ఎర్ర గీత కింద నాన్నా అనే మాట చక్కగా కనపడుతూనే ఉంది, దాని కింద చుక్కలు పెట్టాను, పైన రాసింది అడ్డంగా కొట్టేశాను. దాని పై వరసలో కొట్టేసిన మాట కిందా చుక్కలు పెట్టాను. వెనక పేజీ తీశాను. బస్సు కదిలి కుదుపుతుంటే నాన్న కట్ట అడుగున అరచెయ్యి పెట్టి కదలకుండా పట్టుకున్నాడు. ఆ చేతి మీద నారి ఒరుసుకున్న కాయ ఇంకా పోలేదు. అమ్మీ కింద అమ్మ వచ్చింది. మేనత్త నోరు మేనత్తకి వచ్చింది, ఏందయ్యా నీ గోల అంటూ, ఆవిడని చూడగానే ప్రాణం లేచొచ్చింది. మీ ఇళ్లల్లో ఎలా మాట్లాడుకుంటారో అలా రాయమన్నారు కదండీ, మొదటే అలా రాశాను, నేనే మీకు ఆ రోజు చెప్పలేదు, అంటాను ఆయనతో. నాన్న పక్కనే ఉంటాడు, మజ్జిగ తాగుతూ ఏదో ఒకటి అడుగుతాడు, పుస్తకం దేంతో కుడతారండీ అనైనా అడక్క మానడు. అప్పుడైనా నమ్ముతారేమో. నమ్మకపోతే ఈ వారం పోతుంది, గైడ్లు వస్తాయి, ఎండాకాలం వస్తుంది, ఈ నవల మళ్లీ కవర్లో ఊళ్లు తిరుగుతుంది. భయంగా ఉంది. నిజంగానే భయంగా ఉంది, ఇంత దగ్గరికొచ్చి పోగొట్టుకుంటానేమోనని. అయినా పెన్ను ఆగడం లేదు.

గుంటూరు ఎప్పుడొచ్చిందో తెలియలేదు. మిర్చి యార్డు దాటినప్పుడు బస్సంతా దగ్గి ఉండాలి, నేను వినలేదు. బస్టాండులో ఆగింది, జనం సంచులు తీసుకుని తోసుకుంటూ దిగిపోయారు, డ్రైవరు ఇంజనాపేశాడు. నా ఒళ్లో మొదటి అధ్యాయాలు ఇంకా మిగిలే ఉన్నాయి, సైకిలు మీద కూర్చున్న పిల్ల ఇంకా వాళ్ల నాన్నని ఎవరో పెద్దమనిషిని పిలిచినట్టే పిలుస్తోంది. కండక్టరు టిక్కెట్ల పెట్టె మూసుకుని మా సీటు దగ్గరికొచ్చాడు. దిగండి పెద్దాయనా, బండి డిపోకెళ్లాలి, అన్నాడు. నాన్న లేవలేదు. నా చేతిలో పేజీల వంక ఒకసారి చూసి, కట్ట కింద చెయ్యి తీయకుండానే, మోకాళ్లు ఇంకొంచెం దారికి అడ్డంగా జరుపుకుని కూర్చున్నాడు.

"కాసేపాగు బాబూ," అన్నాడు. "అమ్మాయిది ఇంకా కాలేదు."

నేను తలెత్తలేదు. పేజీ తిప్పాను.